చదివామన్నవాళ్ళు

శనివారం ఉదయం ఎనిమిదింటికి లిఫ్టుల కంపెనీ గోడౌన్‌లో భద్రతా క్లాసు. గోడకు తెల్లగుడ్డ కట్టారు, దాని మీద ఈలన్న ఫోటో పడుతోంది. మనిషి పోయి నలభై రోజులన్నా కాలేదు, అప్పుడే పాఠమైపోయాడు.

"ఇదిగో, సరిగ్గా చూడండి," అన్నాడు సూపర్‌వైజరు, కర్రతో ఫోటో నుదుటి మీద పొడుస్తూ. "ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఏం లాభం? క్యాబిన్ మీద పనిచేసేటప్పుడు స్టాప్ స్విచ్చు నొక్కలేదు. ఒక్క స్విచ్చు! అది నొక్కుంటే ఈపాటికి మీ పక్కన కూర్చుని టీ తాగేవాడు."

టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు కాస్త కిందికి దించారు. అంతకు మించి ఎవరూ ఏమీ చెయ్యలేదు. వెనక వరసలో కూర్చున్న పెద్ద మెకానిక్ అయితే గ్లాసు కూడా దించలేదు.

స్విచ్చు నొక్కే ఉందని, ఆ గోడౌన్‌లో ఉన్నవాళ్ళలో కళ్ళారా చూసినవాడు ఆయనొక్కడే. ఆ రోజు పై అంతస్తు తలుపు తెరిచి క్యాబిన్ మీదికి ముందుగా దిగింది ఆయనే. ఎర్ర స్విచ్చు లోపలికి నొక్కి ఉంది. అయినా స్విచ్చు ఆపేది కరెంటును. క్యాబిన్‌ను పట్టి నిలబెట్టాల్సింది బ్రేకు. ఆ బ్రేకు లైనింగు అరిగిపోయిందని ఈలన్న లాగ్‌బుక్కులో మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ 'వచ్చే నెల చూద్దాంలే' అన్నది ఇప్పుడు కర్ర పట్టుకున్న ఈ పెద్దమనిషే. ఖాళీ క్యాబిన్ కన్నా అవతలి వైపు వేలాడే దిమ్మ బరువెక్కువ. బ్రేకు జారితే క్యాబిన్ పైకి పోతుంది. పైన ఉండేది కాంక్రీటు కప్పు.

"పెద్దాయనా, అనుభవం ఉన్నవాళ్ళు మీరు. కుర్రాళ్ళకి రెండు ముక్కలు చెబుతారా?" అని అడిగాడు సూపర్‌వైజరు.

"ఏం లేదండీ. మీరు చెప్పారుగా."

ముందు వరసలో ఉన్న యూనియన్ కార్యదర్శి గట్టిగా తలకాయ ఊపాడు. దేనికి ఊపాడో ఆయనకే తెలియాలి. మెకానిక్ గ్లాసు ఖాళీ చేసి కుర్చీ కింద పెట్టాడు. ఆయనకు కోపం రాలేదు. రావాలని తెలుసు, ఎక్కడ రావాలో కూడా తెలుసు, కానీ తిమ్మిరెక్కిన కాలి మీద నిలబడ్డట్టు ఉంది. నేల ఉందో లేదో తెలియడం లేదు.

క్లాసు అయిపోయాక బోల్టు అని అందరూ పిలిచే పొట్టి ఫిట్టరు ఆయన పక్కకు చేరాడు. "ప్రతి శనివారం చూపిస్తారట అన్నా. అన్ని బ్రాంచీల్లోనూ. కొత్తగా చేరినోళ్ళకి మొదటి పాఠం ఇదేనంట."

"ఊఁ."

"మనోడి ఫోటో వేసి, కింద 'నిర్లక్ష్యం' అని రాసి... ఛీ." బోల్టు ఉమ్మేసి, చుట్టూ చూసి, తన బండెక్కి వెళ్ళిపోయాడు.

షాఫ్టులోకి దిగితే ఈలన్న ఈల వేస్తూనే ఉండేవాడు. పాటా కాదు, పాడూ కాదు, ఒకటే వరస. కింద పనిచేసేవాడికి తానెక్కడున్నాడో తెలియాలి కదా, అందుకు. అలాంటివాడు స్విచ్చు నొక్కలేదట.

అంతకుముందోసారి మెకానిక్ ఈ మాటే కంపెనీ ఫోన్ గ్రూపులో రెండు వాక్యాల్లో రాశాడు. పది నిమిషాల్లో అవి మాయమయ్యాయి, పదకొండో నిమిషంలో ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఆ సంగతి విని ఆయన మరదలు ఒక దారి చెప్పింది. ఆ పిల్ల ఒక లైబ్రరీకి వెబ్‌సైటు చూసుకుంటుంది.

"గ్రూపులో రాస్తే తాళం వాళ్ళ చేతిలో ఉంటుంది బావా. నీ బ్లాగు నువ్వే పెట్టుకో. స్టాటిక్ సైట్ జనరేటర్ అని ఉంది, చాలా సులువు. నువ్వు మామూలు ఫైల్లో రాసుకుంటూ పోతే దాన్ని అదే వెబ్ పేజీ చేసి ఇస్తుంది. ఎలా చెయ్యాలో రెండు పాఠాలు పంపిస్తా, చదువుకో. లిఫ్టు ప్యానెల్లో వందల వైర్లు కలిపేవాడివి, నీకిదెంత?"

ఆదివారం భోజనం చేసి, బల్ల తుడుచుకుని, కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అలవాటుగా పక్కన టెస్టరు కూడా పెట్టుకున్నాడు. భార్య చూసి, "దాన్నీ విప్పుతారా ఏంటి?" అంది. ఆయన నవ్వలేదు. ఆమె కూడా నవ్వుతారని అడగలేదు.

మొదటి పాఠంలో ఉన్నదున్నట్టు చేసుకుంటూ పోయాడు. ఆ సాధనాన్ని దించుకున్నాడు. తెర మీద నల్లటి కిటికీ తెరిచి, అందులో ఆదేశాలు ఒక్కో అక్షరం చూసి కొట్టాడు. ఒకచోట ఖాళీ వదలడం మర్చిపోయినందుకు ఎర్ర అక్షరాలతో అరగంట సతాయించింది. ఆయనకు అదేమీ కష్టంగా అనిపించలేదు. పైపెచ్చు ఈ నలభై రోజుల్లో కాస్త హాయిగా గడిచిన అరగంట అదే. తప్పెక్కడుందో వెతకడం, దొరికాక సరిచెయ్యడం, ఆయనకు తెలిసిన బతుకే.

రాయాల్సిన ఫైలు తెరిస్తే పైన మూడు వరసలున్నాయి. శీర్షిక, తేదీ, డ్రాఫ్టు. వాటి కింద రాయడం మొదలుపెట్టాడు. సర్వీసు రిపోర్టు రాసినట్టే రాశాడు. ఫలానా తేదీ, ఫలానా సమయం. లైనింగు మందం ఎంతుండాలి, ఎంతుంది. లాగ్‌బుక్కులో ఈలన్న ఏ తేదీన ఏం రాశాడు. రోజూ సాయంత్రం ఆ పేజీలు ఫోటో తీసి ఆఫీసుకు పంపడం రివాజు కాబట్టి మూడు ఫోటోలూ ఇంకా తన ఫోన్లోనే ఉన్నాయి. అసలు పుస్తకంలో ఆ పేజీలు ఇప్పుడు లేవు. ఫోటోలు కూడా పెట్టాడు. చివర్న, 'ఎర్ర స్విచ్చు నొక్కి ఉంది. ఈలన్న ఏ తప్పూ చెయ్యలేదు' అని రాసి ఆపాడు.

సర్వరు నడిపించే ఆదేశం కొట్టాడు. తెర మీద బ్లాగు పేరొచ్చింది గానీ రాసింది మాత్రం కనబడలేదు. మళ్ళీ పాఠం తిరగేశాడు. డ్రాఫ్టు అన్నచోట 'అవును' అని ఉందట, చిత్తుప్రతి బయటికి కనబడదట. దాన్ని 'కాదు' చేసి సేవ్ చేశాడు. అంతే, రాసిందంతా ఫోటోలతో సహా ప్రత్యక్షమైంది.

అదే స్విచ్చనుకున్నాడు. వెళ్ళిపోయింది, లోకంలోకి వెళ్ళిపోయింది అనుకున్నాడు. రెండో పాఠం ఉందని తెలుసు. దాని పేరు 'డిప్లాయ్‌మెంట్' అని ఉంటే, అదేదో పెద్ద కంపెనీల వ్యవహారం, మనకెందుకులే అని తెరవను కూడా తెరవలేదు.

భార్య తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడింది. నిలబడే మొత్తం చదివింది. ఫోటోల దగ్గర వంగి చూసింది.

"బాగానే రాశారు. బ్రేకు ఉంది, స్విచ్చు ఉంది, లాగ్‌బుక్కు ఉంది."

"మరి?"

"మీరే లేరు."

"నేనెందుకుంటాను? ఇది ఆయన గురించి."

ఆమె తువ్వాలు మడతపెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఒక మాట రెండోసారి చెప్పింది లేదు.

పైనున్న అడ్రసును కాపీ చేసి, ఆ సాయంత్రమే ఏడుగురికి పంపాడు. అన్నయ్యకు, మరదలికి, యూనియన్ కార్యదర్శికి, బోల్టుకు, తనతో పనిచేసే ఇంకో ఇద్దరికి, చివరగా ఈలన్న భార్యకు. పంపేశాక బట్టల సంచీలో యూనిఫాం రెండో జత కూడా పెట్టాడు. ఉద్యోగం పోతే రెండూ కలిపే అప్పజెప్పాలి. నాలుగేళ్ళ సర్వీసు మిగిలుంది. పోతే పోనీ అని గట్టిగా అనుకుందామని చూశాడు, గట్టిగా అనుకోవడానికి కూడా ఓపిక లేకపోయింది.

సోమవారం టిఫిను వేళకే జవాబులు వచ్చేశాయి.

'చదివాను. గుండె బరువెక్కింది. సమయం చూసి కదులుదాం' అని కార్యదర్శి.

'చదివా అన్నా. దుమ్ము దులిపేశావు' అని బోల్టు. కింద మూడు పిడికిళ్ళ బొమ్మలు.

'మొత్తం చదివాను. బాగుంది గానీ పెద్దవాళ్ళతో పెట్టుకుంటున్నావు, జాగ్రత్త' అని అన్నయ్య.

'చదివాను బావా. ఏడిపించేశావు పో' అని మరదలు.

మిగతా ఇద్దరూ కూడా చదివామనే రాశారు. ఈలన్న భార్య ఒక్కతే ఏమీ రాయలేదు. రాయకపోవడం సబబే అనుకున్నాడు. ఆమె ఏం రాస్తుంది?

ఇక పిడుగు ఎప్పుడు పడుతుందా అని చూస్తూ కూర్చున్నాడు. సోమవారం పడలేదు. మంగళవారం ఒక ఆసుపత్రిలో లిఫ్టు తలుపు రోలర్లు మారుస్తుంటే సూపర్‌వైజరు ఎదురుగా వచ్చాడు. అయిపోయిందనుకుని పానా కింద పెట్టి లేచి నిలబడ్డాడు. "పది నంబరు పానా ఉందా పెద్దాయనా?" అని అడిగి పట్టుకుపోయాడాయన. బుధవారం పొద్దున తిరిగి ఇచ్చేశాడు, థాంక్సు కూడా చెప్పాడు.

అందరూ చదివారు. ఏమీ జరగలేదు. నిజం చెబితే కొంప మునుగుతుందని నలభై రోజులు భయపడ్డాడు కదా, తీరా చెబితే పానా తిరిగొచ్చింది. అయితే నిజానికి విలువింతేనన్నమాట అనుకున్నాడు. ఆ మాట అనుకున్నప్పుడు కూడా ఆయనకు ఏమీ అనిపించలేదు. అదే భయంగా ఉంది.

బుధవారం సాయంత్రం ఈలన్న భార్య ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. మీరు పంపింది తెరుచుకోవడం లేదు. ఆదివారం నుంచి నొక్కుతున్నా. నా ఫోను పాతది కదా, అందుకేమో."

"అయ్యుండొచ్చమ్మా. రేపు డ్యూటీ దిగి వస్తాలే, చూద్దాం."

ఆమెది బట్టలు సరిచేసే చిన్న కొట్టు. జిప్పులు మార్చడం, ప్యాంట్లు పొట్టి చెయ్యడం, చిరుగులు కనబడకుండా కుట్టడం. గురువారం ఆయన వెళ్ళేసరికి ఎవరిదో కోటుకు అస్తరు విప్పుతోంది. నోట్లో రెండు గుండుసూదులున్నాయి. వాటిని తీసి దిండుకు గుచ్చి, స్టూలు లాగి వేసింది.

"ఎదురు ఫోన్ల కొట్టులో కూడా చూపించానన్నయ్యా. నీ ఫోను బాగానే ఉంది, అడ్రసే తేడా అన్నాడు. వాడికేం తెలుసులే అని మళ్ళీ ఇంటికెళ్ళి నొక్కా."

ఆయన ఆమె ఫోన్ తీసుకుని నొక్కాడు. 'ఈ సైటును చేరుకోలేకపోతున్నాం' అని వచ్చింది. తన ఫోన్ తీసి నొక్కాడు. అదే మాట. అప్పుడు గుర్తొచ్చింది, తన ఫోన్లో ఒక్కసారి కూడా తెరిచి చూడలేదని. లిఫ్టు బాగుచేసినవాడు బయటికొచ్చి, అందరిలాగా బటన్ నొక్కి చూడకుండా వెళ్ళిపోతే కొత్త కుర్రాళ్ళను ఆయనే చెడామడా తిట్టేవాడు.

కొట్టు బయట మెట్టు మీద నిలబడి మరదలికి ఫోన్ చేశాడు.

"ఏ అడ్రసు పంపావు బావా? ఒకసారి చదువు." ఆయన చదివాడు. "అయ్యో! లోకల్‌హోస్టా? అదంటే నీ కంప్యూటరే బావా. నువ్వు రాసుకున్నది నువ్వే చూసుకోడానికి. అది నీ బల్ల మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా తెరుచుకోదు. బయటికి పంపేది రెండో పాఠంలో ఉంది."

ఆయనకు వెంటనే అర్థమైంది. మరమ్మతు కోసం ఇన్‌స్పెక్షన్‌లో పెట్టిన లిఫ్టు లాంటిది. మీద నిలబడ్డ మెకానిక్ చేతిలో బటన్ నొక్కితే ఎంచక్కా తిరుగుతుంది. అంతస్తుల్లో జనం ఎంత నొక్కినా కదలదు.

"సరే," అన్నాడు. ఫోన్ పెట్టేయబోయి ఆగాడు. "మరి నువ్వు చదివానన్నావే?"

అవతల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"ఏడిపించేశావు అని కూడా రాశావు."

"బావా... ఆ రోజు పనిలో ఉన్నా. తర్వాత తీరిగ్గా చదువుదామని... అక్క ముందే చెప్పింది బాగా రాశావని. చదవలేదంటే నొచ్చుకుంటావని..." ఆ పిల్ల గొంతు సన్నబడింది. "ఒక్కసారి నొక్కుంటే నాకప్పుడే తెలిసిపోయేది. సారీ బావా."

"ఫరవాలేదులే."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గుండె బరువెక్కినవాడూ నొక్కలేదు. దుమ్ము దులిపావన్నవాడూ నొక్కలేదు. మొత్తం చదివిన అన్నయ్య మొదటి అక్షరం చూడలేదు. నొక్కి, రాలేదని తెలిసీ చదివామన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో, వాళ్ళ పుణ్యం వాళ్ళది. ఆయనకు నవ్వొచ్చింది. మెట్టు మీద ఒంటరిగా నిలబడి, దగ్గులాంటి నవ్వు నవ్వాడు. దారిన పోయేవాళ్ళు చూశారు. లోకమంతటికీ ఒక్కతే పాఠకురాలు, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ చదివింది, ఆమె అన్న ఒక్క మాటను తానే తీసి అవతల పెట్టాడు. నవ్వు ఆగిపోయింది.

లోపలికి వెళ్ళి, "తప్పు నాదేనమ్మా. సరిచేసి మళ్ళీ పంపిస్తా," అన్నాడు.

"తొందరేం లేదన్నయ్యా," అంది ఆమె కోటు ఒళ్ళోకి లాక్కుంటూ. "నేను నొక్కుతూనే ఉంటాగా."

శుక్రవారం డ్యూటీ మధ్యాహ్నం నుంచి. ఉదయమే బల్ల ముందు కూర్చుని రెండో పాఠం తెరిచాడు. మరదలు ఫోన్లో ఉంది, ఎప్పటిలా వేళాకోళం లేదు, అడిగినదానికి బుద్ధిగా చెబుతోంది. సైటును తయారుచేసే ఆదేశం కొడితే 'పబ్లిక్' అని ఒక ఫోల్డరు పుడుతుందట. దాన్ని ఉచితంగా చోటిచ్చే సర్వీసుకు ఎక్కిస్తే అప్పుడు వచ్చేది అసలు అడ్రసట.

"కొట్టు బావా. చివరి ఆదేశమే."

"ఉండు. ఒక అరగంటలో చేస్తా," అని ఫోన్ పెట్టేశాడు.

రాసిన ఫైలు మళ్ళీ తెరిచాడు. ఐదు రోజులు లోకమంతా చదివిందనుకున్న కాగితం ఇంకా తన చేతిలోనే ఉంది. అలాంటి అవకాశం ఎవరికొస్తుంది? కిందికి, చివరి వాక్యం దాకా వెళ్ళాడు. కర్సరు కొట్టుకుంటోంది. వేళ్ళు కీల మీద పెట్టాడు, తీశాడు. లేచి మంచినీళ్ళు తాగాడు. భార్య బీరువాలో బట్టలు సర్దుతోంది, ఇటు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతోందో ఆమె వీపు చెబుతూనే ఉంది.

కూర్చుని, ఆపకుండా కొట్టాడు.

'ప్రమాదం మీద కంపెనీ రాసిన రిపోర్టు కింద మూడు సంతకాలున్నాయి. రెండోది నాది. స్విచ్చు నొక్కి లేదని అందులో ఉంది. నొక్కి ఉందని నేను చూశాను. చూసి కూడా సంతకం పెట్టాను. నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. పెన్ను ఇచ్చారు, పెట్టాను.'

"ఇటు రా," అని భార్యను పిలిచాడు. ఆమె వచ్చి చదివింది. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చుని చదివింది.

"ఉద్యోగం పోతుంది," అన్నాడు.

"తెలుసు." ఆమె ఆయన భుజం మీద దారప్పోగు ఒకటి తీసి పారేసింది. "పంపండి."

ఆదేశం కొట్టాడు. ఫోల్డరు ఎక్కించాడు. అడ్రసు వచ్చింది. ఫోన్లో ఇంటి వైఫై ఆపేసి, గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళి, బయటివాడిలాగా నొక్కాడు. తెరుచుకుంది.

ఈసారి ఏడుగురికి పంపలేదు. ఒక్కరికే పంపి, ఆ వెనకే బయల్దేరాడు.

కొట్టుకు వెళ్ళేసరికి ఆమె చదువుతోంది. ఫోన్ కుట్టుమిషను పలక మీద నిలబెట్టుకుని, వేలితో నెమ్మదిగా పైకి తోస్తూ, పెదవులు కదుపుతూ చదువుతోంది. కూర్చోమని స్టూలు చూపించింది గానీ తల ఎత్తలేదు. భర్త చేతిరాత ఉన్న ఫోటోల దగ్గర వేలు చాలాసేపు ఆగింది. ఆయన గోడకు తగిలించిన జిప్పులు లెక్కపెట్టాడు. నలభై ఒకటి ఉన్నాయి. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

ఆమె చివరికి వచ్చింది. పెదవులు కదలడం ఆగింది.

ఆయన స్టూలు ముందుకు జరిపాడు. "అమ్మా, నేను..."

ఆమె మిషను సొరుగు లాగింది. దారపు కండెల కింద నుంచి నాలుగు మడతల కాగితం తీసి పలక మీద పరిచింది. కంపెనీ రిపోర్టు. కింద మూడు సంతకాలు.

"ఇది నాకు అప్పుడే ఇచ్చారన్నయ్యా. పదకొండో రోజున ఇంటికి తెచ్చి ఇచ్చారు. మీ సంతకం నాకు తెలీదా? ఆయనకు జతగాడు మీరే, ఇరవై రెండేళ్ళు ఇద్దరూ ఒకే లాగ్‌బుక్కులో సంతకాలు పెట్టారు, ఆ పుస్తకం ఆయన ఇంటికి తెచ్చినప్పుడల్లా చూసేదాన్ని."

ఆయన చూపు రెండో సంతకం మీద పడింది.

"ఏదో రాశానని మీరు పంపినప్పుడు, ఈ సంగతి రాశారో లేదో చూద్దామనుకున్నా. అందుకే అన్నిసార్లు నొక్కా." ఆమె ఆయన వంక చూసింది. మొహంలో కోపమూ లేదు, జాలీ లేదు. "ఆదివారం పంపినదాంట్లో ఉందా ఇది?"

అబద్ధం చెబితే ఆమెకు తెలిసే దారి లేదు. ఆ ఆదివారం కాగితాన్ని చూసింది ఆయన భార్య ఒక్కతే.

"లేదమ్మా."

ఆమె తల ఊపింది. బయట ఎవరో బండి ఆపి, మళ్ళీ స్టార్టు చేసుకుని వెళ్ళిపోయారు. ఆమె రిపోర్టును చేత్తో సాపు చేసి, మడతలు పోయేలా రెండంచుల మీదా కత్తెరా, దారపుండా బరువు పెట్టి, మిషను మీది దీపం వెలిగించింది.

"ఇది కూడా పెట్టండి అందులో," అంది. "మీ సంతకం బాగా కనబడేటట్టు తియ్యండి."

ఆయన ఫోన్ తీసి కాగితం మీదికి వంగాడు. తెర మీద తన పేరు ఒకసారి మసకబారి, మళ్ళీ తేటగా వచ్చింది. నలభై రోజుల్లో మొదటిసారి ఆయన చెయ్యి వణికింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని తీశాడు.